నెట్‌వర్క్ కార్డు బూట్ మెనూలో కనిపించకపోతే

ప్రశ్న: మా కళాశాల ల్యాబులో ఒక పాత సర్వరుకు ఇంటెల్ ఐ350 రెండు పోర్టుల కార్డును విడిగా కొని బిగించాము. హార్డ్‌డిస్కు ఖాళీగా ఉన్నందున పీఎక్స్ఈ పద్ధతిలో, అంటే నెట్‌వర్క్ ద్వారా, లినక్స్ ఎక్కించాలనుకుంటే బూట్ మెనూలో ఆ కార్డు పేరే రావడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే ఫర్మ్‌వేర్ (కార్డులోనే నిలిచి ఉండే ప్రోగ్రాము) మార్చవచ్చని మిత్రులు అంటున్నారు. కార్డు పాడవుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ భయం అర్థవంతమైనదే కానీ, మీరు వర్ణించిన లక్షణాన్ని బట్టి చూస్తే ఫర్మ్‌వేర్ మార్చవలసిన అవసరమే రాకపోవచ్చు. ముందుగా బయాస్ (కంప్యూటరును మొదలుపెట్టే మూల ప్రోగ్రాము) సెట్టింగులలో నెట్‌వర్క్ బూట్, కార్డు ఉన్న స్లాటుకు సంబంధించిన ఆప్షన్ రోమ్ (కార్డులోని బూట్ ప్రోగ్రామును నడవనిచ్చే సౌకర్యం) ఆపివేసి ఉన్నాయేమో చూడండి. అవి సరిగానే ఉంటే అప్పుడు కార్డు వంతు.

ఇలాంటి కార్డులో రెండు వేర్వేరు సంగతులు ఉంటాయి. కార్డు పనితీరును నడిపే అసలు ఫర్మ్‌వేర్, మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్‌లో ఆ పోర్టును గుర్తించే సంఖ్య) ఒక వైపు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యేందుకు పనికివచ్చే చిన్న బూట్ ఇమేజ్ మరొక వైపు. మొదటిదాన్ని ఇంటెల్ వారి ఎన్‌వీఎం అప్‌డేట్ అనే పనిముట్టు మారుస్తుంది, రెండవదాన్ని బూట్‌యుటిల్ మారుస్తుంది. మీ సమస్య రెండవదానిది కనుక ఎన్‌వీఎం జోలికి వెళ్లకండి.

ఎఫ్ఏటీ32 ఫార్మాటు చేసిన పెన్‌డ్రైవులోకి బూట్‌యుటిల్ ఈఎఫ్ఐ రూపాన్ని, దానితోపాటు వచ్చే ఎఫ్ఎల్‌బీ ఇమేజ్ ఫైలును కాపీ చేయండి. సెక్యూర్ బూట్‌ను (గుర్తింపు లేని ప్రోగ్రాములను అడ్డుకునే రక్షణను) తాత్కాలికంగా ఆపి యూఈఎఫ్ఐ షెల్‌లోకి, అంటే బయాస్ స్థానంలో వచ్చిన కొత్త వ్యవస్థలో ఆదేశాలు కొట్టే తెరలోకి, వెళ్లి, పెన్‌డ్రైవుకు మారడానికి ఎఫ్ఎస్‌జీరో తరువాత కోలన్ కొట్టి ఎంటర్ నొక్కండి. అది వేరే డిస్కును చూపితే ఎఫ్ఎస్‌వన్‌ను ప్రయత్నించండి. (ఈ ఆదేశాలను ఇంగ్లిషు అక్షరాలలోనే కొట్టాలని వేరుగా చెప్పనక్కరలేదు కదా!) బూట్‌యుటిల్‌ను ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే ప్రతి పోర్టు సంఖ్య, మ్యాక్ అడ్రసు, ఫ్లాష్ (బూట్ ఇమేజ్ ఉండే మెమరీ) స్థితి, వెర్షన్ ఒక పట్టికగా వస్తాయి. ఆ తెరను ఫోనుతో ఫొటో తీసుకొని ఉంచుకోవడం నా అలవాటు, మీరూ అలాగే చేయండి.

పట్టికలో ఫ్లాష్ డిసేబుల్డ్ అని ఉంటే పోర్టు సంఖ్యతోపాటు ఫ్లాష్‌ఎనేబుల్ ఆప్షన్ ఇచ్చి, యంత్రాన్ని మళ్లీ మొదలుపెడితే చాలు. చాలా సందర్భాలలో కథ ఇక్కడే ముగుస్తుంది. ఫ్లాష్ నాట్ ప్రెజెంట్ అని వస్తే ఈ మార్గం ఆ కార్డుకు వర్తించదు. ఇమేజ్ పాతదిగా ఉన్నా, మీ యంత్రం యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అవుతుండగా కార్డులో పాత పద్ధతి ఇమేజ్ మాత్రమే ఉన్నా అప్పుడు పెన్‌డ్రైవులోని ఎఫ్ఎల్‌బీ ఫైలుతో బూట్‌యుటిల్ ద్వారా అప్‌డేట్ చేయాలి. ఆ సమయంలో పాత ఇమేజ్‌ను భద్రపరచాలా అని బూట్‌యుటిల్ అడుగుతుంది, తప్పక అవునని చెప్పండి. ఏదైనా తేడా వచ్చినప్పుడు వెనక్కి వెళ్లడానికి అది దారి చూపుతుంది. రాత జరుగుతున్న ఆ కొద్దిసేపు కరెంటు పోతేనే అసలు ప్రమాదం, కాబట్టి సర్వరును యూపీఎస్‌కు కలిపి పని మొదలుపెట్టండి.

ఒక్క హెచ్చరిక. కార్డుపై ఇంటెల్ చిప్ ఉన్నప్పటికీ దానిని ఒక సర్వరు తయారీదారు తన పేరుతో అమ్మి ఉంటే, ఆ తయారీదారు ఇచ్చే ఫైళ్లనే వాడాలి. అంతా పూర్తయ్యాక సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేయండి.