వారంలో మూడు మ్యాచ్‌లు ఆడిన స్ట్రైకర్‌ని ఫైనల్లో మొదటి నుంచీ ఆడించాలా?

మీ పరిస్థితి ఇదీ: ఎల్లుండి ఫుట్‌బాల్ ఫైనల్, మీ స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టే ఆటగాడు, ఈ వారంలోనే మూడు మ్యాచ్‌లు ఆడాడు, నిన్న సెమీస్ చివర్లో పిక్కలు పట్టేసి కూర్చుండిపోయాడు. అయినా టీమ్ అంతా "వాడు లేకుండా ఫైనల్ ఏంటి" అంటోంది, వాడేమో "నేను ఓకే అన్నా" అంటున్నాడు. ఏం చేయాలి అని అడిగారు.

బెంచ్ మీద ఉంచండి. ఇంకో మాట, "ఆడగలవా?" అని వాడిని అడగడం ఈరోజే ఆపేయండి. పెద్ద మ్యాచ్ ముందు ఆ ప్రశ్నకి ఏ ఆటగాడూ "లేదు" అనడు. నేనూ అనలేదు.

డిగ్రీ ఫైనలియర్‌లో మాకు ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ జరిగింది. నేను రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌ని. ఐదు రోజుల్లో నాలుగో మ్యాచ్, సెమీఫైనల్. ఆ పొద్దున హాస్టల్ మెట్లు దిగుతుంటే తొడలు రెండూ కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి, రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగాను. ఎవరికీ చెప్పలేదు. గ్రౌండ్‌లో మా సార్ "ఏరా, ఆడతావా" అంటే ఆయన మాట పూర్తి కాకముందే "ఆడతాను సార్" అన్నాను. నా ప్లేసులో ఆడగలిగిన ఫస్టియర్ కుర్రాడు అప్పటికే లేసులు బిగించుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

ఫస్ట్ హాఫ్ ఎలాగో నెట్టుకొచ్చాను, ముందుకి వెళ్లడం పూర్తిగా మానేసి వెనకే ఉండిపోయాను కాబట్టి. సెకండ్ హాఫ్‌లో వాళ్ల వింగర్ బంతిని నా పక్కనుంచి ముందుకి తోసి పరుగందుకున్నాడు. మామూలు రోజున అయితే వాడు నన్ను దాటి పోలేడు. వెనక్కి తిరిగి నాలుగో అడుగు వేశానో లేదో తొడ వెనక ఎవరో రాయి తీసుకుని కొట్టినట్టయింది, నిజంగానే ఎవరు కొట్టారా అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు. నేను కింద పడి ఉండగానే గోల్ పడింది, 1-0తో ఓడిపోయాం. హామ్‌స్ట్రింగ్, అదే తొడ వెనక కండరం, మానడానికి ఆరు వారాలు పట్టింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అది కాదు. నన్ను ఇద్దరు భుజాల మీద మోసుకొస్తుంటే ఆ ఫస్టియర్ కుర్రాడు వార్మప్ కూడా లేకుండా, కంగారుగా లోపలికి పరుగెత్తాడు. నేను ఒక్క నిజం చెప్పి ఉంటే వాడు పొద్దున్నుంచీ సిద్ధపడి ఆడేవాడు.

అలసట అంటే ఆయాసం అనుకుంటారు చాలామంది. ఆయాసం రెండు నిమిషాలు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే తగ్గిపోతుంది. అసలు అలసట వేరు. కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనం పూర్తి మ్యాచ్ ఆడితే చాలావరకు ఖర్చయిపోతుంది, అది మళ్లీ నిండాలన్నా, సాగి దెబ్బతిన్న కండరం కుదుటపడాలన్నా రెండు మూడు రోజులు కావాలి. పెద్ద స్థాయి మ్యాచ్‌లో ఒక్కొక్కరు 10, 11 కిలోమీటర్లు పరుగెత్తుతారు, కానీ ఒళ్లు హూనమయ్యేది ఆ దూరం వల్లే కాదు, ఒక్కసారిగా దూకుడుగా పరుగెత్తడం, టక్కున ఆగడం, తిరగడం, వీటి వల్ల. మీ వాడికి సెమీస్‌కి ఫైనల్‌కి మధ్య ఉన్నది రెండే రోజులు.

ఇది కాలేజీ గ్రౌండ్ల గొడవ మాత్రమే అనుకోకండి. 2014 మే 24, లిస్బన్‌లో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, అట్లెటికో మాడ్రిడ్ మీద రియల్ మాడ్రిడ్. అంతకు సరిగ్గా వారం ముందు అట్లెటికో వాళ్లు బార్సిలోనాతో 1-1 డ్రా చేసుకుని 18 ఏళ్ల తర్వాత స్పెయిన్ లీగ్ లా లిగా గెలిచారు. ఆ సీజన్ లీగ్‌లోనే 27 గోల్స్ కొట్టిన అట్లెటికో స్ట్రైకర్ డియేగో కోస్టా ఆ మ్యాచ్ మొదట్లోనే కండరం పట్టేసి బయటికొచ్చేశాడు. వారంలో వాడిని ఎలాగైనా నిలబెట్టాలని చేయని ప్రయత్నం లేదు, చికిత్స కోసం బెల్‌గ్రేడ్ దాకా పంపారు. మన టైంలో మ్యాచ్ అర్ధరాత్రి 12:15కి. రూమ్‌లో ఆరుగురం, లైనప్‌లో కోస్టా పేరు కనబడగానే అందరం ఎగిరి అరిచాం. నా తొడకి ఆ దెబ్బ తగిలి అప్పటికి ఏడాది కాలేదు, అయినా నేనూ అరిచాను. అభిమానం అలాంటిది, మన ఒంటికి తెలిసిన సంగతిని కూడా మరిపించేస్తుంది.

9వ నిమిషంలో కోస్టా బయటికి వచ్చేశాడు. అప్పట్లో మ్యాచ్‌కి మూడే ఆటగాళ్ల మార్పులు, అందులో ఒకటి అలా పోయింది. 36వ నిమిషంలో అట్లెటికో డిఫెండర్ గోడిన్ గోల్ కొట్టాడు, ఆ ఒక్క గోల్‌నీ 93వ నిమిషం దాకా కాపాడుకుంటూ వచ్చారు, అప్పుడు రియల్ ఆటగాడు రామోస్ హెడర్‌తో స్కోరు సమం. ఎక్స్‌ట్రా టైమ్ వచ్చేసరికి అట్లెటికో దగ్గర మార్పులేమీ మిగల్లేదు. రైట్ బ్యాక్ హువాన్‌ఫ్రాన్ కుంటుతున్నాడు, అయినా గ్రౌండ్‌లోనే ఉండాల్సి వచ్చింది. 110వ నిమిషంలో రియల్ ఆటగాడు డి మారియా సరిగ్గా అటువైపు నుంచే దూసుకొచ్చి కొట్టాడు, అట్లెటికో కీపర్ కుర్తువా ఆపిన బంతిని బేల్ తలతో లోపలికి పంపాడు. చివరికి 4-1తో రియల్ గెలిచింది. కోస్టాని ఆడించడం తన తప్పేనని అట్లెటికో కోచ్ సిమియోనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆయన నాకు మరింత నచ్చింది అందుకే. హువాన్‌ఫ్రాన్‌దీ నా పొజిషనే, ఆ కుంటడం చూస్తుంటే నా తొడ లాగినట్టే అయింది.

మీ టీమ్‌లో ఎవరో ఒకరు 1962 ఎత్తుతారని నాకు తెలుసు. హైదరాబాద్ వాళ్లయితే తప్పకుండా ఎత్తుతారు. జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన రహీం సాబ్, అదే మన టీమ్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ని సెమీస్‌లో, ఫైనల్లో ఆడించారు, అతను రెండింట్లోనూ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో గోల్డ్ వచ్చింది. దెబ్బతిన్నవాడిని ఆడించి గెలిచారు కదా అంటారు. కానీ కాస్త నిదానంగా చూడండి. జర్నైల్ దెబ్బ తలకి, కాళ్లకి కాదు. పైగా డిఫెండర్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. గోల్‌కీపర్ తంగరాజ్ ఫ్లూతో సెమీస్ ఆడలేదు, ఫైనల్లో దిగాడు, అంటే అప్పటికి విశ్రాంతి తీసుకుని ఉన్నవాడే. రహీం సాబ్ ఒక్కొక్కడి ఒళ్లు చూసి నిర్ణయం తీసుకున్నారని నేను నమ్ముతాను, పేరు చూసి కాదు. తలకి కుట్లు పడినవాడు వేరు, వారంలో మూడు మ్యాచ్‌లు ఆడి పిక్కలు పట్టేసినవాడు వేరు, ఈ రెండింటినీ కలపకండి.

బెంచ్ అంటే శిక్ష అని మీ వాడు అనుకుంటే 2022 మార్చి 20 గుర్తు చేయండి. గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ 1-0 ముందుంది, 88వ నిమిషంలో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి దూరం నుంచి స్కోరు సమం చేసే గోల్ కొట్టిన సాహిల్ తవోరా బెంచ్ మీద నుంచి వచ్చినవాడే. తర్వాత పెనాల్టీల్లో మన కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. ఎనభై నిమిషాలు పరుగెత్తి అలసిన డిఫెండర్ల మీదికి తాజా కాళ్లతో ఒకడు దిగితే ఏమవుతుందో రైట్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి, నాకు బాగా తెలుసు.

కాబట్టి రేపు పొద్దున వాడికి తెలియకుండా మెట్లు దిగుతుంటే చూడండి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. రెయిలింగ్ పట్టుకున్నా, పక్కకి తిరిగినా మీకు జవాబు దొరికినట్టే. నేను ఇప్పుడు ఆదివారాలు ఆడే టీమ్‌కి లైనప్ నేనే రాస్తాను, అందరికంటే ముందు గ్రౌండ్ గ్యాలరీ మెట్ల దగ్గర నిలబడతాను. బాగానే దిగాడంటే కూడా ఫస్ట్ హాఫ్ వద్దు, స్కోరు చూసుకుని 55, 60 నిమిషాలకి గ్రౌండ్‌లోకి దించండి, మిగతా అరగంట వాడి దగ్గర ఉన్నదంతా ఇచ్చేస్తాడు. ఒకవేళ మొదట్లోనే ఒక గోల్ వెనకబడితే? అప్పుడు మీ మీద అందరూ అరుస్తారు, "దించు, దించు" అంటారు. హాఫ్ టైమ్ దాకా ఆగండి. కష్టమే, నేనూ ఒకసారి ఆగలేక ముందే దించేశాను, ఆ కుర్రాడు ఇరవై నిమిషాలకే తొడ పట్టుకున్నాడు.

వాడి బదులు ఆడే కుర్రాడెవరో, వాడికి మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.