వీలునామా రాయాలా, ముందే గిఫ్ట్ డీడ్ చేసేయాలా?

మీ నాన్నగారి స్వార్జితమైన ఇల్లు, పొలం గురించి అడిగారు కాబట్టి నా సలహా వీలునామానే. బతికున్నంత కాలం ఆస్తి ఆయన చేతిలోనే ఉంటుంది, మనసు మారితే తిరగరాయొచ్చు. గిఫ్ట్ డీడ్ (బతికుండగానే ఆస్తిని రాసిచ్చేసే దానపత్రం) రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. తప్పదనుకుంటే, తనను చూసుకోవాలన్న షరతు అందులో రాయించండి. మాట తప్పితే 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద రద్దు కోరొచ్చు.

వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. వాటా పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి.

పిత్రార్జితమైతే లెక్క వేరు. ఆయన తన వాటాకే వీలునామా రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో హిందూ కుటుంబాల్లో కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది. పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అని ఆడపిల్లను పక్కన పెడితే గొడవ మొదలయ్యేది అక్కడే. ఎవరికి ఏం రాశారో, ఎందుకు రాశారో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఇప్పుడే చెప్పమనండి.