సినిమా చూసేశాక నవల ఎందుకు?

ప్రశ్న: 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' 2022 సినిమా చూసేశానండీ, నాలుగు ఆస్కార్లు కూడా వచ్చాయి కదా, ఇంక రిమార్క్ నవల చదవాలా?

జవాబు: చదవండి. 1929 నాటి ఆ నవల్లో మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడుతున్న జర్మన్ కుర్ర సైనికుడు పాల్ సెలవు మీద ఇంటికొస్తాడు, అమ్మకేమో జబ్బు, ఊళ్లో పెద్దమనుషులు యుద్ధం ఎలా గెలవాలో తిరిగి వాడికే పాఠాలు చెప్తుంటారు, నాకైతే బాంబులకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది, సినిమాలో ఆ భాగమే తీసేసి నవల్లో లేని సంధి చర్చలు పెట్టారు. క్లైమాక్స్ కూడా మార్చేశారు, కాల్పులు ఆగే ముందు పెద్ద హంగామా. నవల్లో 1918 అక్టోబర్లో ఓ ప్రశాంతమైన రోజు పాల్ చనిపోతాడు, ఆర్మీ రిపోర్టులో మాత్రం పశ్చిమాన విశేషమేమీ లేదని ఒక్క లైను, టైటిల్ అదే మరి! సెలవు సీన్లు 1930 నాటి పాత సినిమాలో ఉన్నాయి, దొరికితే చూడండి.