ముందే కోసిన గుమ్మడికాయల గింజలు విత్తనానికి పనికొస్తాయా?

సందేహం: తీగకు రెండేసి కాయలు ఉంచి, మిగతా గుమ్మడికాయలు ముందే కోసేశాను. వాటిలో కొన్నింటికి పిందె పడి మూడు వారాలు, కొన్నింటికి నలభై రోజులు. రకం చాలా మంచిది, మళ్లీ దొరకదేమోనని టెన్షన్‌గా ఉంది. వీటి గింజలు మొలుస్తాయా?

సలహా: కాయలను ఇంకా పగలగొట్టకపోతే దయచేసి ఆగండి. తీగ నుంచి తెంపాక కూడా కండలోని పోషకాలు కొంతకాలం గింజలోకి చేరుతూనే ఉంటాయి. ఇప్పుడే గింజలు తీస్తే ఆ అవకాశం పోతుంది.

మూడు వారాల కాయల మీద ఆశ పెట్టుకోకండి. గింజ చూడటానికి పూర్తి సైజులోనే ఉంటుంది, అక్కడే చాలామంది పొరపాటు పడతారు. పైపెంకు ముందే ఎదుగుతుంది, పప్పు ఆ తర్వాత నిండుతుంది. అలాంటి గింజ ఎండితే అట్టలా పలచబడి తాలుగా మిగులుతుంది. వీటిని కూరకు వాడుకోండి.

నలభై రోజుల కాయలు వేరు. పప్పు చాలావరకు నిండి ఉంటుంది. తొడిమతో సహా, దెబ్బ తగలకుండా, గాలి ఆడే నీడలో మూడు నాలుగు వారాలు ఉంచండి. రెండు మూడు రోజులకోసారి తిప్పి చూడండి. ఎక్కడైనా మెత్తబడితే ఇక ఆగకుండా అదే రోజు గింజలు తీసేయండి. మరీ నెలల తరబడి వదిలేసినా గింజలు కాయలోనే మొలకెత్తవచ్చు.

తీసిన గింజల్ని గుజ్జు పోయేలా కడిగి, గుడ్డ మీద పలచగా పరచి నీడలో ఆరబెట్టండి. లేత గింజకు మండుటెండ అస్సలు పడదు. నీళ్లలో వేసి తేలినవన్నీ పారేసే పద్ధతిని ఇక్కడ నమ్మొద్దు, తాజా గుమ్మడి గింజల్లో మంచివి కూడా తేలుతాయి. బాగా ఆరాక వేళ్ల మధ్య నొక్కి చూడండి. ఉబ్బుగా, గట్టిగా తగిలినవి ఉంచుకుని, చప్పిడిగా అణిగినవి తీసేయండి.

ఆరిన రెండు మూడు వారాలకు 20 గింజల్ని తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచి, ఎనిమిది రోజుల తర్వాత లెక్కపెట్టండి. పది మొలిస్తే, కావలసిన మొక్కలకు రెట్టింపు గింజలు వేయాలి. ఇలాంటి విత్తనం మొలక నీరసంగా ఉంటుంది కాబట్టి నేరుగా పొలంలో కాకుండా ట్రేల్లో పెంచి నాటండి. ఏళ్ల తరబడి దాచకుండా వచ్చే సీజన్‌లోనే వాడేయండి.

మీది హైబ్రిడ్ అయితే ఈ శ్రమంతా వద్దు, తల్లి గుణం నిలవదు. ఆకుల మీద మొజాయిక్ (వైరస్ తెగులు) మచ్చలున్న తీగ కాయల్నీ వదిలేయండి. దగ్గర్లో వేరే గుమ్మడి రకం ఉంటే తేనెటీగల వల్ల పుప్పొడి కలిసి ఉండవచ్చు.

అసలు విత్తనకాయ ఇంకా మీ తీగ మీదే ఉంది. ఉంచిన రెండింటిలో ఒకదాన్ని తొడిమ ఎండి బెరడులా మారేదాకా, తొక్కలో గోరు దిగనంత గట్టిపడేదాకా కోయకండి. కోశాక ఇంకో మూడు వారాలు నిల్వ ఉంచి, అప్పుడు గింజలు తీయండి.