ఒకే స్ట్రైకర్‌తో రక్షణాత్మకంగా ఆడే ఫుట్‌బాల్ జట్టు గోల్ ఎలా చేస్తుంది?

ప్రత్యర్థిని ముందుకు రానిచ్చి, వాళ్ల వెనుక ఏర్పడే ఖాళీలోకి స్ట్రైకర్ ద్వారా బంతిని చేర్చి గోల్ చేస్తుంది. 4-5-1 అమరికలో (నలుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ఒక స్ట్రైకర్) నలుగురు డిఫెండర్ల ముందు ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు దగ్గరదగ్గరగా నిలబడితే మధ్యలో పాస్‌కు సందు దొరకదు. ప్రత్యర్థులు పక్కలకు విస్తరించి పైకి వస్తారు. వెనుక మైదానం ఖాళీ అవుతుంది. దూరం నుంచి వచ్చిన బంతిని సహచరులు చేరేదాకా కాపాడడమే స్ట్రైకర్ మొదటి పని. చాలా కష్టమైన పని కూడా.

ఉదాహరణకు, యూరప్ క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్ 2010 ఫైనల్లో బంతి ఎక్కువసేపు బేయర్న్ మ్యూనిక్ దగ్గరే ఉంది. ఇంటర్ మిలాన్ గోల్‌కీపర్ పొడవుగా తన్నిన బంతిని స్ట్రైకర్ మిలీటో తలతో సహచరుడు స్నైడర్‌కు అందించి, తిరిగి అందుకుని గోల్ చేశాడు. ఇంటర్ 2-0తో గెలిచింది. రెండు గోల్సూ అతనివే.

ఒకే స్ట్రైకర్ అంటే దాడి వదిలేసినట్టే అనుకోవడం పొరపాటు. బంతి దొరకగానే పక్క మిడ్‌ఫీల్డర్లిద్దరూ పరుగెత్తితే అదే ముందు ముగ్గురు ఉండే 4-3-3 అవుతుంది.