పాత యుద్ధ హెలికాప్టర్లను వేరే దేశానికి అమ్మడం: అసలు ఖర్చు ఎక్కడ, అసలు చిక్కు ఎక్కడ

ప్రశ్న: గ్రీస్ 2019లో అమెరికా సైన్యం పక్కన పెట్టిన 70 కయోవా వారియర్ హెలికాప్టర్లను సుమారు 4.4 కోట్ల యూరోలకు తెచ్చుకుందని చదివాను. ఒక్కోటి ఏడు లక్షల యూరోలు కూడా పడలేదు. అంత చవగ్గా ఎలా ఇచ్చారు? మన వాయుసేన కూడా పాత యుద్ధ హెలికాప్టర్లను ఇలా అమ్ముకోవచ్చు కదా?

జవాబు:

అంకె సరైనదే, కానీ అది హెలికాప్టర్ల ధర కాదు. వాటిని అమెరికా 'ఎక్సెస్ డిఫెన్స్ ఆర్టికల్స్' (సైన్యానికి మిగులైన సామగ్రిని మిత్ర దేశాలకు ఇచ్చే) పథకం కింద ఇచ్చింది. గ్రీస్ డబ్బు వాటిని మళ్ళీ ఎగిరే స్థితికి తేవడానికి, సర్ది ఓడెక్కించి గ్రీస్‌లోని వోలోస్ రేవుకు చేర్చడానికి అయింది. 70లో పది హెలికాప్టర్లను విడిభాగాల కోసమే తీసుకున్నారు.

ఇదే రకం (కయోవా వారియర్‌కు సైన్యం పెట్టిన పేరు ఓహెచ్-58డి) 24 హెలికాప్టర్లను ట్యునీషియాకు ఇవ్వడానికి 2016లో అమెరికా ఆమోదించిన ప్యాకేజీ విలువ 10.08 కోట్ల డాలర్లు. మూడో వంతు హెలికాప్టర్లకు రెట్టింపు డబ్బు. కారణం, అందులో ఆయుధాలు, రాత్రి చూపు కళ్ళద్దాలు, శిక్షణ, నిర్వహణ సాయం అన్నీ ఉన్నాయి. టర్కీ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2011లో అమెరికా మెరైన్ల వాడుకలో ఉన్న మూడంటే మూడు ఏహెచ్-1డబ్ల్యూ సూపర్ కోబ్రాలు, ఏడు ఇంజన్లు, మిగతా సరంజామా కలిపి 11.1 కోట్ల డాలర్ల అంచనాతో అమెరికా కాంగ్రెస్ ముందుకు వెళ్ళాయి. కాబట్టి పత్రికలో ఒక అంకె కనిపిస్తే, దానిలో ఏమేం కలిశాయో చూడకుండా హెలికాప్టర్ల సంఖ్యతో భాగించకండి. ఈ వ్యాపారంలో ఎక్కువ మంది మోసపోయేది ఆ భాగహారం దగ్గరే.

అమెరికా పద్ధతి ఇలా ఉంటుంది. సైన్యం తనకు అక్కర్లేదని తేల్చిన సరుకును రక్షణ శాఖలోని భద్రతా సహకార సంస్థ ద్వారా మిత్ర దేశాలకు చూపిస్తారు. ఉచితంగా ఇవ్వవచ్చు, లేదా వయసును, స్థితిని బట్టి అసలు కొన్న ధరలో 5 నుంచి 50 శాతానికి అమ్మవచ్చు. రెండు దారుల్లోనూ షరతు ఒకటే: ఎలా ఉందో అలా, ఎక్కడ ఉందో అక్కడ. బాగుచేయడం, సర్దడం, తరలించడం కొనేవాడి ఖర్చు. యుద్ధ హెలికాప్టర్ ప్రధాన సైనిక సామగ్రి కిందికి వస్తుంది కాబట్టి కాంగ్రెస్‌కు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొనే దేశం మొదట అభ్యర్థన లేఖ పంపాలి, ఆ తర్వాత ఉమ్మడి తనిఖీకి తన బృందాన్ని పంపాలి, చివరికి ఒప్పంద పత్రం మీద సంతకం. వీటిలో ఎప్పుడూ తొందరపడకూడనిది ఉమ్మడి తనిఖీ. అక్కడ రాసుకోని లోపం తర్వాత మీ సొంతమే.

ఆ తనిఖీలో కాగితాలతో మొదలుపెట్టాలి, హెలికాప్టర్ దగ్గరికి తర్వాత వెళ్ళవచ్చు. రోటార్ బ్లేడ్లు, హబ్, గేర్‌బాక్స్ షాఫ్టులు, టెయిల్ రోటార్ భాగాలు, వీటిలో చాలావాటికి గంటల్లో ఆయుష్షు రాసి ఉంటుంది. ఇంజన్ టర్బైన్ డిస్కులకు గంటలతో పాటు స్టార్ట్ సైకిళ్ళూ లెక్క. ప్రతి భాగానికి చరిత్ర కార్డు ఉండాలి. కార్డు మీది సీరియల్ నంబరు, భాగం మీద చెక్కిన నంబరు ఒకటే కావాలి. కార్డు లేని భాగం చూడటానికి మెరుస్తున్నా, ఆయుష్షు తీరిపోయినట్టే లెక్క వేయాలి. చేయి వేసి చూస్తే దానిలో ఎన్ని గంటలు మిగిలాయో ఎవరికీ తెలియదు. ఒక బ్లేడు ఆయుష్షు 2,500 గంటలనీ, దానిలో 2,100 గంటలు అయిపోయాయనీ అనుకుందాం. హెలికాప్టర్ ఏడాదికి 200 గంటల చొప్పున ఎగిరితే రెండేళ్ళలో బ్లేడ్ల సెట్టు మొత్తం మార్చాలి. ఉచితంగా వచ్చిన హెలికాప్టర్‌కు మూడో ఏటే పెద్ద బిల్లు వస్తుందన్నమాట. ఈ లెక్కను ప్రతి హెలికాప్టర్‌కూ విడిగా, ఒక పెద్ద పట్టికగా వేసి, ఏ ఏడాది ఏ భాగం పోతుందో తేలాకే ఎన్ని తీసుకోవాలో నిర్ణయించాలి. వరుస నంబర్లు చూసి ఎంచుకోవడం తప్పు. మిగిలిన గంటలు చూసి ఎంచుకోవాలి.

కాగితాలు సరిపోయాక లోహం. గేర్‌బాక్స్ పెట్టెలు చాలావరకు మెగ్నీషియం మిశ్రమం, ఉప్పు గాలి తగిలితే రంగు కింద తినేస్తుంది. ట్రాన్స్‌మిషన్ కూర్చునే డెక్కు, టెయిల్ బూమ్ అతుకు బోల్టులు, స్కిడ్ల (నేల మీద ఆనే కాళ్ళ) అడ్డ గొట్టాలు, బ్యాటరీ గది అడుగు, ఈ నాలుగు చోట్ల రంగు తీయించి చూడాలి. కంటికి కనిపించని పగుళ్ళకు ఎడ్డీ కరెంట్ (విద్యుత్తుతో చేసేది), డై పెనెట్రెంట్ (రంగు ద్రవం పూసి చేసేది) పరీక్షలు తప్పనిసరి. తీర ప్రాంతపు తేమ కొత్త యంత్రాలనే వదలదు. 2018లో అపాచీ ఏహెచ్-64ఈ రోటార్ హెడ్‌లోని స్ట్రాప్ ప్యాక్ నట్లకు (బ్లేడ్లను హెడ్‌కు పట్టి ఉంచేవి) తుప్పు ఒత్తిడి పగుళ్ళు బయటపడి, అమెరికా సైన్యం కొన్ని నెలలు కొత్త హెలికాప్టర్ల డెలివరీ తీసుకోవడమే ఆపేసింది. ఎడారిలో పనిచేసిన వాటిలో దెబ్బ వేరు. ఇసుక కంప్రెసర్ బ్లేడ్ల అంచులను కోసేస్తుంది, ఇంజన్ స్టార్ట్ అవుతుంది, మామూలుగానే వినిపిస్తుంది, కానీ శక్తి తగ్గి ఉంటుంది. అందుకే నేల మీద ఇంజన్ తిప్పి టార్క్ (తిప్పే బలం), టర్బైన్ ఉష్ణోగ్రత కలిపి పవర్ చెక్ చేయకుండా అంగీకరించకూడదు. గేర్‌బాక్స్ నూనె నమూనాలో లోహపు రేణువుల పరీక్ష, చిప్ డిటెక్టర్ (నూనెలోని లోహపు ముక్కలను పట్టే పరికరం) తీసి చూడటం కూడా ఇదే పూట అయిపోవాలి.

అమెరికాలో అరిజోనాలోని డేవిస్-మాంథన్ వైమానిక స్థావరం లాంటి పొడి నేల మీద నిలబెట్టినవి తుప్పు విషయంలో మేలు. కానీ అక్కడ రబ్బరు చచ్చిపోతుంది. ఇంధన ట్యాంకు లోపలి సంచులు, హైడ్రాలిక్ గొట్టాలు, సీళ్ళు, రోటార్ హెడ్‌లోని ఎలాస్టోమెరిక్ (రబ్బరు పొరల) బేరింగులు ఎగరకపోయినా వయసు అయిపోతాయి. వాటిని పరీక్షించి నెగ్గించే ప్రయత్నం వద్దు, అన్నీ మార్చాల్సినవే అని మొదటే బడ్జెట్‌లో రాసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. తనిఖీ రోజుకూ ఓడ ఎక్కే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి. అమ్మే సైన్యంలో అదే రకం ఇంకా ఎగురుతుంటే, నిలబెట్టిన హెలికాప్టర్ నుంచి భాగాలు ఊడదీసి ఎగిరేదానికి బిగించడం మామూలు. అది దొంగతనమేమీ కాదు, ప్రతి స్క్వాడ్రన్ చేసేదే. కాబట్టి ప్రధాన భాగాల సీరియల్ నంబర్ల జాబితాను ఒప్పందానికి అనుబంధంగా పెట్టించి, లోడింగ్ ముందు మళ్ళీ సరిచూడాలి.

అమ్మేవాళ్ళు ఏం తీసేస్తారో కూడా తెలిసి ఉండాలి. మిత్రుడా శత్రువా అని గుర్తించే పరికరంలోని సంకేత భాగం, రహస్య రేడియోలు, శత్రు రాడార్ల సమాచార నిధి మామూలుగా రావు. వాటి స్థానంలో కొనే దేశం తన పరికరాలు పెట్టుకోవాలి. పెట్టాక తీగల మార్గం, విద్యుత్ భారం, రేడియోల మధ్య జోక్యం అన్నీ మళ్ళీ పరీక్షించాలి. ఈ పని చిన్నదని అనుకుని ఏడాది ఆలస్యమయ్యే ప్రాజెక్టులు చాలా ఉంటాయి. హెల్‌ఫైర్ క్షిపణులకు, రాత్రి చూపు కళ్ళద్దాలకు అనుమతి కూడా హెలికాప్టర్‌తో పాటు దానంతట అది రాదు, విడిగా అడగాలి.

విడిభాగాల సంగతికి వస్తే, కొనే రకానికి పౌర విమానయానంలో చుట్టాలు ఉన్నాయా అన్నదే నేను మొదట చూసేది. ఓహెచ్-58డి ఇంజన్ రోల్స్ రాయిస్ 250 కుటుంబానిది, ప్రపంచమంతా ఎగిరే పౌర హెలికాప్టర్లలో ఆ కుటుంబం ఉంది. మరమ్మతు కేంద్రాలు దొరుకుతాయి. కానీ రోటార్ పైన గుండ్రంగా కూర్చున్న దాని పరిశీలక కన్ను ఇంకెక్కడా లేదు. అమెరికా ఆ రకాన్ని 2017 నాటికి పక్కన పెట్టేసింది కాబట్టి, పాతవాటి నుంచి తీసినవే ఇక దిక్కు. గ్రీస్ పది హెలికాప్టర్లను విడిభాగాలకు కేటాయించడంలో తెలివి అక్కడుంది. ఏహెచ్-1జడ్ వైపర్ యుద్ధ హెలికాప్టర్‌కు మరో రకం వెసులుబాటు ఉంది. రవాణా హెలికాప్టర్ యూహెచ్-1వైతో సుమారు 85 శాతం భాగాలు కలుస్తాయి. చెక్ రిపబ్లిక్ రెండు రకాలనూ కలిపి కొన్నది, ఆ తర్వాత అమెరికా అదనంగా ఇచ్చినవాటిలోనూ రెండూ ఉన్నాయి. చిన్న వాయుసేనకు అది సరైన ఎంపిక, ఒకే గిడ్డంగి, ఒకే శిక్షణ.

ఇంజన్ల లెక్కలో పిసినారితనం వద్దు. టర్కీ ఒప్పందంలో మూడు హెలికాప్టర్లకు ఏడు ఇంజన్లు, అంటే బిగించిన ఆరు, పైన ఒకటి. పన్నెండు హెలికాప్టర్లు కొంటే ఏ రోజైనా నాలుగైదు మరమ్మతులో ఉంటాయని లెక్క వేసుకోవాలి. ఎనిమిది ఎగరాలంటే పన్నెండు కొనాలి, ఎనిమిది కొని ఎనిమిదీ ఎగరాలనుకోకూడదు.

ఇక అసలు చిక్కు: అమ్మే హక్కు. హెలికాప్టర్ మీ హ్యాంగర్‌లో ఉన్నంత మాత్రాన మీ ఇష్టం వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి కుదరదు. అమెరికా సరుకు అయితే మూడో దేశానికి ఇచ్చేముందు అమెరికా రాతపూర్వక అనుమతి కావాలి, ఉచితంగా ఇచ్చినా సరే. ఇజ్రాయెల్ తన కోబ్రాలను 2013లో పక్కన పెట్టి, తర్వాత 16 హెలికాప్టర్లను జోర్డాన్‌కు ఇచ్చినట్టు 2015లో వార్త వచ్చింది. అమెరికా ఆమోదంతోనే అది జరిగింది. జోర్డాన్ 2019లో ఫిలిప్పీన్స్‌కు రెండు కోబ్రాలు ఇచ్చింది, దానిదీ అదే దారి. ఒక్క ఇంజన్ వేరే దేశానిదైనా ఈ పట్టు వదలదు. పాకిస్తాన్ 2018లో టర్కీ నుంచి 30 టీ129 హెలికాప్టర్లు కొనడానికి 150 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అవి కొత్తవి, టర్కీ తయారీ. అయినా ఇంజన్‌కు అమెరికా ఎగుమతి లైసెన్సు ఇవ్వకపోవడంతో ఒప్పందం ముందుకు సాగలేదు. ఫిలిప్పీన్స్‌కు మాత్రం లైసెన్సు వచ్చింది, 2022లో మొదటి రెండూ చేరాయి. యంత్రం అదే, కొనేవాడు మారాడు.

రష్యా రకాలకు కష్టం ఇంకోలా ఉంటుంది. ఎంఐ-24 యుద్ధ హెలికాప్టర్ల కుటుంబంలో గంటల ఆయుష్షుతో పాటు క్యాలెండర్ ఆయుష్షు కూడా ఉంటుంది, ఏది ముందు తీరితే అప్పుడే ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం). ఎగరకుండా దాచి ఉంచామని గొప్పగా చెప్పే హెలికాప్టర్‌కు గడువు దాటి ఉండవచ్చు. పైగా దాని టీవీ3-117 ఇంజన్లు ఎక్కువగా తయారైంది ఉక్రెయిన్‌లోని జపోరిజియాలో, హెలికాప్టర్‌కు పుట్టిల్లు రష్యా. ఆ రెండు దేశాల మధ్య 2014 తర్వాత సరఫరా తెగింది, 2022 తర్వాత రష్యాకు చెల్లింపులు జరపడమే కష్టమైంది. ఇలాంటివి కొనేముందు ఓవర్‌హాల్ ఎవరు చేస్తారు, ఆ కేంద్రానికి చేసే అధికారం ఎవరిచ్చారు అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు కావాలి.

మన దేశం సంగతి. భారత్ యుద్ధ హెలికాప్టర్లను ఇప్పటికే ఇచ్చింది, అమ్మలేదు. 2015-16లో మన వాయుసేన ఎంఐ-25లు (ఎంఐ-24కు ఎగుమతి పేరు) నాలుగు ఆఫ్ఘనిస్తాన్‌కు వెళ్ళాయి, రష్యా సమ్మతి తర్వాతే. తర్వాత మరో నాలుగు ఎంఐ-24లను బెలారస్ నుంచి తెప్పించి, ఖర్చు మనం భరించి 2019లో ఇచ్చాం. 2021 ఆగస్టులో కుందూజ్ విమానాశ్రయం తాలిబన్ల చేతికి చిక్కినప్పుడు, మనం ఇచ్చినదని గుర్తించిన ఒక హెలికాప్టర్ రోటార్ బ్లేడ్లు లేకుండా వీడియోల్లో కనిపించింది. బ్లేడ్లు ముందే ఊడదీసి ఉండటం వల్ల అది అప్పటికప్పుడు ఎగరలేదు. వాడకం మీద తనిఖీ హక్కు ఒప్పందంలో ఎందుకు రాయించుకోవాలో, తీసుకున్న దేశపు ప్రభుత్వం కూలిపోతే ఏం చేయాలో ముందే ఎందుకు ఆలోచించాలో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మన దగ్గరున్న, అదే కుటుంబపు ఎంఐ-35లు అమ్మాలన్నా రష్యా మాట కావాలి. అపాచీలకు అమెరికా మాట కావాలి. వాటి ఫ్యూజలేజ్‌లు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలోనే తయారవుతున్నా, మళ్ళీ అమ్మే హక్కు దానివల్ల రాదు. మన దేశంలోనే రూపొందిన యుద్ధ హెలికాప్టర్ ప్రచండ్‌కు దారి కొంత సులువు, కానీ దాని 'శక్తి' అనే ఇంజన్ ఫ్రెంచ్ సంస్థతో కలిసి చేసినది, కాబట్టి ఆ ఒప్పందంలోని ఎగుమతి షరతులు చూడాల్సిందే. మన వైపు నుంచి రక్షణ ఉత్పత్తి శాఖ లైసెన్సు కూడా కావాలి, ఎందుకంటే యుద్ధ హెలికాప్టర్ స్కోమెట్ జాబితాలో (మన ప్రభుత్వం ఎగుమతిని నియంత్రించే సరుకుల జాబితా) ఆరో వర్గం, అంటే ఆయుధాల వర్గం.

2025 మార్చిలో 156 ప్రచండ్‌లకు 62,700 కోట్ల రూపాయల ఒప్పందం అయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత వాటిని ఎవరికైనా ఇవ్వాలన్న ఆలోచన ఉంటే, ప్రతి బ్లేడుకూ ప్రతి గేర్‌బాక్సుకూ చరిత్ర కార్డు మొదటి రోజు నుంచీ చెదరకుండా ఉంచాలి. ఇంజన్ పునర్విక్రయ షరతును కూడా కొనేటప్పుడే, బేరమాడే బలం మన చేతిలో ఉన్నప్పుడే, రాయించుకోవాలి.