టికెట్ నడిచింది ఎంతసేపు, నిలబడింది ఎన్నాళ్ళు?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో మూడేళ్ళుగా స్క్రమ్ నడుస్తోంది, అంటే చిన్న చిన్న విడతల్లో పని ముగించే ఎజైల్ పద్ధతుల్లో ఒకటి. రెండు వారాల విడత (స్ప్రింట్), రోజూ ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగు (స్టాండప్), చివర్లో జరిగింది వెనక్కి తిరిగి చూసుకునే రెట్రో, అన్నీ పద్ధతి ప్రకారమే. కొత్తగా వచ్చిన మేనేజర్ ఇప్పుడు లీన్ అంటున్నారు, కార్ల ఫ్యాక్టరీలో పుట్టిన, వృథాను తగ్గించే పద్ధతట. కార్ల ఫ్యాక్టరీ సంగతి మాకెందుకని నా అనుమానం. ఎజైల్‌కీ లీన్‌కీ అసలు చుట్టరికం ఉందా? ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవాలా?
– ఒక టీమ్ లీడ్

జవాబు: చుట్టరికం ఉంది. అదెంత దగ్గరదో చెప్పేముందు ఒక టికెట్ (చేయాల్సిన ఒక్కో పనికీ రాసుకునే చీటీ) కథ వినండి. నేను టెస్టర్‌గా మొదలై పన్నెండేళ్ళు ఆ పనే చేశాను. ఎక్కడెక్కడ ఆలస్యమైన పనులైనా చివరికి నా నెత్తిమీదికే వచ్చేవి కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉంది.

బిల్లు మీద తేదీ తప్పుగా పడుతోందని ఒకసారి కస్టమర్ ఫిర్యాదు చేశాడు. రోజూ నెలా తారుమారు. మార్చాల్సింది ఒక్క లైను. అది కస్టమర్‌కి చేరడానికి 19 రోజులు పట్టింది. రెట్రోలో ‘అంచనా సరిగ్గా వేయలేదు’ అని ఒక చీటీ అంటించి అందరం లేచిపోయాం. నాకు మనసొప్పలేదు. ఆ సాయంత్రం టికెట్ హిస్టరీ తెరిచి అడుగడుగుకీ లెక్క కట్టాను.

ఎవరో ఒకరు చేతిలోకి తీసుకోవడానికి 2 రోజులు. కోడ్ మార్చి, దానికో టెస్టు రాయడానికి 40 నిమిషాలు. రివ్యూ చేయాల్సినవాడు దాన్ని తెరవడానికి 4 రోజులు, చూడటానికి 10 నిమిషాలు. తర్వాత నా వంతు. నేను పరీక్షించింది అరగంట, నా దగ్గర పడి ఉన్నది 6 రోజులు. అప్పటికే నా ముందు పదకొండు టికెట్లున్నాయి మరి. ఆపైన రిలీజ్ కోసం ఎదురుచూపు 7 రోజులు, కస్టమర్ వాడే సిస్టమ్‌లో పెట్టడానికి (డిప్లాయ్) 20 నిమిషాలు. చెయ్యి పడిన సమయమంతా కూడితే గంటా నలభై నిమిషాలు. మిగతాదంతా నిలబడటమే.

ఆ 19 రోజుల్లో మా టీమ్‌లో ఖాళీగా ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. స్టాండప్‌లో ‘నిన్న ఇది చేశాను, ఇవాళ అది చేస్తాను’ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళం. ఈ టికెట్ మాత్రం ఎవరి నోటా రాలేదు. ఎలా వస్తుంది? దాని మీద ఎవరూ పనిచేయడం లేదు కదా! మనిషి వెంట తిరిగే కంటికి నిలబడిపోయిన పని ఆనదు. పని వెంట తిరగమంటుంది లీన్.

ఈ చూపు టయోటా నుంచి వచ్చింది. అక్కడ తయిచి ఓనో అనే ఇంజినీరు అవసరానికి మించి తయారుచేయడమే అన్నిటికన్నా పెద్ద వృథా అనేవాడు, మిగతా వృథాలన్నీ దాని చాటున దాక్కుంటాయి కాబట్టి. ‘లీన్’ అన్న పేరు టయోటా వాళ్ళు పెట్టుకున్నది కాదు, 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. ఎజైల్ దారి వేరు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనేచోట 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూర్చుని ఒక ప్రకటన రాసుకున్నారు. లావుపాటి డాక్యుమెంట్లతో, ముందే బిగించేసిన ప్రణాళికలతో విసిగిపోయినవాళ్ళు వాళ్ళు. అయినా వాళ్ళ 12 సూత్రాల్లో ఒకటి, చేయనక్కర్లేని పనిని వీలైనంత చేయకుండా వదిలేయడం ఒక కళ అంటుంది. ఓనో చదివితే తన మాటే అనుకునేవాడు. 2003లో మేరీ, టామ్ పాపెండిక్ దంపతులు ఫ్యాక్టరీలోని ఏడు వృథాలను ఒక్కొక్కటిగా సాఫ్ట్‌వేర్‌కి అన్వయించారు. గోడౌన్లో పేరుకున్న సరుకు ఇక్కడ సగంలో ఆగిన పని. మితిమీరిన ఉత్పత్తి ఇక్కడ ఎవరూ అడగని ఫీచర్. మీరు పాటిస్తున్న స్క్రమ్ గైడ్‌నే తీయండి. 2020 ప్రతిలో స్క్రమ్ పునాదుల్లో లీన్ ఆలోచన ఒకటని నేరుగా రాసి ఉంది. అంటే మీ ఇంట్లోనే ఉన్నదాన్ని మీ మేనేజర్ పేరుపెట్టి పిలిచారు. వదలడం, పట్టుకోవడం అన్న ప్రశ్నే లేదు.

మీ అనుమానంలోనూ నిజముంది. ఫ్యాక్టరీలో వెయ్యో తలుపు మొదటి తలుపులాగే ఉండాలి, తేడా వస్తే తప్పు. మనం ఒకసారి రాసిన కోడ్‌ని మళ్ళీ రాయం, ప్రతి స్టోరీ (వాడేవాళ్ళ అవసరంగా రాసుకున్న పని) కొత్తదే. అందుకని ‘ఈ స్టోరీకి మూడు రోజులు, ఆ స్టోరీకి ఎనిమిది రోజులు ఎందుకు’ అని గడియారం పట్టుకుని నిలదీసే లీన్ నాకు గిట్టదు. ప్రయోగం చేసి, అది పనికిరాదని తెలుసుకుని పారేసిన కోడ్ వృథా కాదు. రాసి, టెస్టు చేసి, అసలు కోడ్‌లో కలపకుండా (మెర్జ్ చేయకుండా) విడి ప్రతిలో (బ్రాంచ్‌లో) మూడు నెలలు మగ్గబెట్టిన కోడ్ వృథా. ఫ్యాక్టరీలో పేరుకున్న సరుకు కాళ్ళకి అడ్డం తగులుతుంది. మన సరుకు ఎవరి కాలికీ తగలదు, అదే మన దరిద్రం.

ప్రశ్న: ఏ పని ఏ దశలో ఉందో చూపే మా బోర్డులో, టెస్టింగ్ వరుసలో మూడు టికెట్లే ఉండాలని పరిమితి పెట్టారు. అది నిండితే డెవలపర్లు కొత్త పని మొదలుపెట్టకూడదట. జీతమిచ్చి కూర్చోబెట్టడం మాత్రం వృథా కాదా?
– ఒక ప్రాజెక్టు మేనేజర్

జవాబు: మీ కోపం అర్థమైంది. అచ్చం మా పాత మేనేజర్ గొంతే వినబడింది.

ముందు లెక్క చూడండి. క్యూలకు సంబంధించి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది. బోర్డు మీద 24 టికెట్లు నడుస్తూ, వారానికి 4 పూర్తవుతుంటే, ఒక టికెట్ బయటపడటానికి సగటున 6 వారాలు. అదే వేగంతో 8 మాత్రమే నడిపితే 2 వారాలు. ఎవరూ చేతులు వేగంగా ఆడించక్కర్లేదు. వచ్చే పనీ పోయే పనీ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుందనుకోండి. పైన పడేది ఆపకుండా కింద ఎంత తోడినా లాభం లేదు. పరిమితి పెట్టేది అందుకే.

మేం పరిమితి పెట్టిన మొదటి వారం నిజంగానే రభస అయింది. బుధవారానికి టెస్టింగ్ వరుస నిండింది, ముగ్గురు డెవలపర్లకు పని లేదు. మేనేజర్ మొహం ఎర్రబడింది. వాళ్ళలో ఒకడు ఊరకుండలేక కుర్చీ లాక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ప్రతి టికెట్‌కీ ముందు నేను చేత్తో కస్టమర్ ఖాతాలు సృష్టించడం చూశాడు. పేరు, చిరునామా, పాత బిల్లులు, ఒక్కో ఖాతాకీ పావుగంట. ‘ఇదంతా మీరు రోజూ చేస్తారా అక్కా?’ అన్నాడు. మూడేళ్ళుగా చేస్తున్నాను, ఎవరూ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఒక స్క్రిప్టు రాసిచ్చాడు, నిమిషంలో ఇరవై ఖాతాలు తయారు. ఆ వారం అతను స్టోరీ ఒక్కటీ ముగించలేదు, రిపోర్టులో సున్నా కనబడింది. మేనేజర్‌తో ఆ సున్నా గురించి గంట వాదించాను. మొత్తానికి గెలవలేదు, కానీ పరిమితి తీసేయకుండా ఆపగలిగాను.

కాబట్టి వరుస నిండినప్పుడు డెవలపర్లను కూర్చోబెట్టకండి, నిండిన వరుస దగ్గరికి పంపండి. అక్కడ ఏం అడ్డుపడిందో వాళ్ళకే ముందు తడుతుంది.

ప్రశ్న: లీన్ అంటే మనుషుల్ని తగ్గించడమేనని మా ఆఫీసులో అందరూ భయపడుతున్నారు. నిజమేనా?
– ఒక డెవలపర్

జవాబు: ఆ పేరు చెప్పి మనుషుల్ని తీసేసిన చోట్లు ఉన్నాయి కాబట్టి భయం ఉత్తది కాదు. అయితే ఈ పద్ధతి పుట్టిన చోట ఏం జరిగిందో చూడండి. 1950లో టయోటా దివాలా అంచుకు వెళ్ళింది. ఉద్యోగుల్ని తగ్గించక తప్పలేదు, సమ్మె అయింది. ఆ కంపెనీ అధ్యక్షుడు కియిచిరో టయోడా బాధ్యత తనదని రాజీనామా చేశాడు. లీన్ నడిచేది పనిచేసేవాళ్ళు లోపాలు బయటపెడితేనే. లోపం చెబితే ఉద్యోగం పోతుందనుకున్నవాడు లోపం చెప్పడు. చెప్పేవాడు లేకపోతే లీన్‌లో మిగిలేది గోడ మీది రంగు చీటీలే. మీ ఆఫీసులో ముందుగా తయారైంది తీసేయాల్సిన మనుషుల జాబితా అయితే, టికెట్ల హిస్టరీ ఎవరైనా తెరిచి చూశారా అని మీటింగులో నలుగురి ముందూ అడగండి.